తోడేలును ఆడపిల్లగా మార్చమన్న సంపాదకులకు

తెలుగు వార, మాస పత్రికల సంపాదకులకు, పుస్తక ప్రచురణకర్తలకు, నవలల పోటీల న్యాయనిర్ణేతలకు, సెల్‌ఫోన్లలో కథలు నడిపే సంస్థల బాధ్యులకు,

ఒక నవలను తిప్పి పంపే హక్కు మీకుంది. నడక కుదరలేదనో, పాత్రలు నిలబడలేదనో, నిడివి పెరిగిందనో రాస్తే రచయిత తల వంచి వింటాడు, మళ్లీ రాసుకుంటాడు. నాకు వచ్చిన జవాబు అలాంటిది కాదు. ‘రచన బాగుంది. ఆ తోడేలు మనిషిని ఆడపిల్లగా మార్చి పంపండి, సీరియల్‌గా వేసుకుంటాం’ అని వచ్చింది. పంపిన పత్రిక పేరు చెప్పను. అది ఒక్క పత్రిక మాటే అయితే ఈ లేఖ బహిరంగంగా రాయాల్సిన పని ఉండేది కాదు. ఏ పోటీ ప్రకటనలోనూ అచ్చు కాకపోయినా మీలో చాలామంది బల్లల మీద అమలవుతున్న నియమం అది. మీరు ఏళ్ల తరబడి అచ్చు వేస్తున్న వేల ప్రేమకథలు తిరగేస్తే ఆ నియమం ఎవరికైనా కనిపిస్తుంది. దాన్ని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మీకూ, మీ పాఠకులకూ తెలియాలి.

నవల సంగతి క్లుప్తంగా చెబుతాను. గుర్రంకొండ కోట కింద జీవాలు మేపుకునే పాతికేళ్ల మనిషి ఒకడు. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు మోసే హమాలీ ఇంకొకడు. హమాలీ పగలు మనిషి, కొన్ని రాత్రులు తోడేలు. కాపరి రొప్పంలోంచి గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నది అతడే. వాటిని వెతుక్కుంటూ దుడ్డుకర్ర పట్టుకుని కొండెక్కిన కాపరికి, తెల్లవారుజామున రాళ్ల మధ్య గాయపడి పడి ఉన్న మనిషి కనిపిస్తాడు. తన నష్టానికి కారణమైనవాణ్ణి తానే బతికించాల్సి వస్తుంది. పగ కరగడానికీ ప్రేమ పుట్టడానికీ మధ్య ఎన్ని రాత్రులు పడతాయన్నదే కథంతా. ఇద్దరూ వయసొచ్చినవాళ్లు. ఇద్దరూ మగవాళ్లు.

ఈ కథలో మీకు దేని మీద అనుమానం రాలేదో గమనించండి. మనిషి ఒళ్లంతా వెంట్రుకలు మొలిచి నాలుగు కాళ్ల మీద పరుగెత్తితే మీకు అభ్యంతరం లేదు. కోట బురుజు మీద నిలబడి ఊళ వేస్తే అభ్యంతరం లేదు. గొర్రెపిల్ల నెత్తురు తాగిన నోటితోనే తెల్లారి ‘అన్నా, రెండు ఇడ్లీ’ అని అడిగితే, ఆ సన్నివేశం బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఒక మగవాడు ఇంకో మగవాడి చెయ్యి పట్టుకుని ఇక్కడే ఉండిపొమ్మని అడిగిన చోట మాత్రం మీ కలం ఆగిపోయింది. అదొక్కటే ‘మన పాఠకులు నమ్మరు’ అన్నారు.

నమ్మించడం మీకు కొత్తా? తెలుగు పాఠకుడికి రూపం మార్చే మనుషుల్ని అలవాటు చేసింది మీ వృత్తివాళ్లే కదా? 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికలను మూడు తరాల పిల్లలు కళ్లార్పకుండా చదివారు. వాటిలో ఒకదాని పేరే ‘భల్లూక మాంత్రికుడు’. విఠలాచార్య సినిమాల్లో మనిషి ఏ క్షణాన ఏ జంతువైనా అవుతాడు, హాల్లో ఎవరూ ఇదెలా సాధ్యమని లేచి అడగలేదు. 1980లో వచ్చిన ‘పున్నమి నాగు’లో చిరంజీవి గారి ఒళ్లు పున్నమి రాత్రుల్లో పాము ఒళ్లవుతుంది. పడమటి దేశాల తోడేలు మనిషి కథకూ దానికీ తేడా ఎంత? అదే పున్నమి, అదే ఒళ్లు తెలియని ఆకలి, తెల్లారితే అదే పశ్చాత్తాపం. యండమూరి ‘తులసిదళం’ వారం వారం వస్తున్న రోజుల్లో చేతబడి గురించి చదివి రాత్రిళ్లు దీపం ఆర్పకుండా పడుకున్నవాళ్లున్నారు. 2022 నవంబరులో వరుణ్ ధావన్ హిందీ సినిమా ‘భేడియా’ను తెలుగులో నేరుగా ‘తోడేలు’ అనే పేరుతోనే విడుదల చేశారు. టికెట్టు కొన్న తెలుగువాడికి తోడేలు మనిషి ఎవరో ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మా ఊరు గుర్రంకొండ సంగతే చూడండి. ఈ కొండను ఒక గుర్రం కాపలా కాసేదనీ, అది ఉన్నన్నాళ్లూ కోటను ఎవరూ గెలవలేకపోయారనీ, చివరికి ఒక మరాఠా వీరుడు నిట్టనిలువు కొండ ఎగబాకి ఆ గుర్రాన్ని ఎత్తుకుపోయాడనీ చెబుతారు. బ్రిటిషు కాలపు గెజిటీరులోనూ ఎక్కిన కథ ఇది. కడప నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు వరసగా ఏలిన కోట ఒక జంతువు పుణ్యాన నిలబడిందని నమ్మిన ఊరు మాది. అలాంటి ఊళ్లో తోడేలు మనిషి పరాయివాడెలా అవుతాడు?

కాబట్టి మీ అభ్యంతరం తోడేలు మీద కాదు. దాన్ని దాచిపెట్టకుండా మాట్లాడుకుందాం.

మన పురాణాలు దేహాన్ని ఎన్ని రకాలుగా మార్చాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. విష్ణువు మోహిని అయితే శివుడు వెంటపడ్డాడు. ఆ ఇద్దరి బిడ్డడిగా హరిహరసుతుణ్ణి కొలుస్తూ ఏటా లక్షలమంది తెలుగువాళ్లు నల్లబట్టలు కట్టి మాల వేసుకుంటున్నారు. ఇలుడు ఇల అయి బుధుణ్ణి పెళ్లాడితే పురూరవుడు పుట్టాడు, చంద్రవంశమంతా అక్కడి నుంచే సాగింది. నారదుడు ఆడదై అరవైమంది కొడుకుల్ని కన్నాడనీ, ఉగాది నాడు పంచాంగంలో మనం వినే ప్రభవ, విభవ నుంచి అక్షయ దాకా ఆ అరవై పేర్లూ ఆ బిడ్డలవేననీ పెద్దలు చెబుతారు. శిఖండి కోసం ఒక యక్షుడు తన మగతనాన్నే అరువిచ్చాడు.

ఈ కథల్ని నేను ప్రేమగా చదువుతాను, గర్వంగా చెప్పుకుంటాను. అయినా వీటిలో చాలాచోట్ల ఒక షరతు కనిపిస్తుంది. ప్రేమ కుదరాలంటే ఇద్దరిలో ఒకరి దేహం మారాలి. మోహిని కానిదే విష్ణువు దగ్గరికి శివుడు రాడు. ఇల కానిదే ఇలుడికి బుధుడు దక్కడు. నా నవలకు మీరు పెట్టిన షరతూ అదే. తోడేలు మనిషి కథను నేను ఎంచుకున్నదే ఆ షరతును దాటడానికి. అందులో దేహం మారుతుంది. మామూలుగా కూడా కాదు, ఎముకతో సహా, గొంతుతో సహా, ఆకలితో సహా మారుతుంది. ఎవరిని ప్రేమించాడన్నది మాత్రం మారదు. నాలుగు కాళ్ల మీద ఉన్నా, రెండు కాళ్ల మీద ఉన్నా అతను వచ్చి చేరేది ఆ కాపరి దగ్గరికే. అంత మార్పులోనూ మారని ఆ ఒక్కదాన్నే మార్చమని మీరు అడిగారు. అది తీసేశాక నవలలో ఇంకేం మిగులుతుందో మీరు ఒక్కసారైనా ఆలోచించారా?

నేను మగవాళ్లను ప్రేమించే మగవాణ్ణి. ఇది ఈ లేఖలో చెప్పకుండా దాటెయ్యడం మర్యాద కాదు. నా పేరు మీ దగ్గరున్న రాతప్రతి మీద ఉంది. ఇక్కడ రాయడం లేదు. మా ఇంటివాళ్లు ఇదే వీధిలో బతకాలి, చెల్లెలికి పెళ్లి కావాలి. ఈ భయానికి మీరు ప్రత్యక్షంగా కారకులు కారు. కానీ దాన్ని తగ్గించే శక్తి ఉన్న కొద్దిమందిలో మీరున్నారు. మీరు దాన్ని వాడకుండా పక్కన పెట్టారు.

మార్చమని అడగడం మాకు కొత్త కాదు. మా వయసు కుర్రాళ్ల సంగతి ఇంట్లో తెలిస్తే మొదట జరిగేది అదే. తాయెత్తు కడతారు. ఏదో గుడి దగ్గర నిద్ర చేయిస్తారు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటారు, సంబంధం లేని ఒక ఆడపిల్ల బతుకును కూడా అందులోకి లాగుతారు. డబ్బున్నవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి నయం చెయ్యమంటారు. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి ‘చికిత్స’లను ఆపాలని ఆదేశించారు. ఆ కేసు వల్లే 2022లో జాతీయ వైద్య కమిషన్ ఒకరి లైంగికతను మార్చే ప్రయత్నాలను వైద్య వృత్తిలో దుష్ప్రవర్తనగా ప్రకటించి రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. అంటే ఈ దేశంలో ఏ డాక్టరూ నన్ను మార్చడానికి పూనుకోకూడదు. మరి నా పాత్రను మార్చమని అడిగే అధికారం సంపాదకుడికి ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టరు చేస్తే తప్పయిన పనిని మీరు కాగితం మీద చేస్తున్నారు. మీ దగ్గర కూర్చున్నది మనిషి కాదు, కథలో ఒక పాత్రే కదా అంటారేమో. ఆ పాత్రలో తనను చూసుకునే కుర్రాడు మాత్రం మనిషే.

‘మీ ప్రాంతం పాఠకులు ఒప్పుకోరు, అక్కడ ఏజెంట్లు కాపీలు తిప్పి పంపుతారు’ అని కూడా అన్నారు. మా ప్రాంతం గురించి మీకు ఎవరు చెప్పారు? మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. అనిబీసెంటు కాలేజీ పెట్టిన ఊరు. 1919లో రవీంద్రుడు వచ్చి ఆ కాలేజీలో ఉండి ‘జనగణమన’ను తన చేత్తో ఇంగ్లీషు చేసుకున్న ఊరు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ పాఠాలు చెప్పిన ఊరు. బయటి ఆలోచన వస్తే కూర్చోబెట్టి వినే అలవాటు మాకు నూరేళ్లుగా ఉంది.

ఇంకా లోతుకు వెళ్దాం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పంలో గంగమ్మకు ఏటా జాతర జరిగే నేల ఇది. ఈ సీమలో గంగమ్మ కథ తెలియనివాడు లేడు. ఆడపిల్లల్ని చెరబడుతున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి తిరుపతి గంగమ్మ రోజుకో వేషం వేసింది. బైరాగి అయింది, బండ అయింది, తోటి అయింది. చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు పాలెగాడు చిక్కాడు. ఆడదేవత మగ దొరగా మారింది. ఆమెకు మొక్కుకున్న మగవాళ్లు ఇప్పటికీ చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని తాతయ్యగుంట గుడి దాకా నడుస్తారు. మీసాలున్న లారీ డ్రైవరు, కాలేజీ కుర్రాడు, కొట్టు నడిపే శెట్టి, అందరూ. వాళ్ల భార్యలే వాళ్లకు జడలు వేస్తారు. తల్లులు బొట్టు పెడతారు. ఎవరూ నవ్వరు. ఈ జాతరను అర్థం చేసుకోవడానికి అమెరికా నుంచి వచ్చిన జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ల తరబడి తిరుపతిలో తిరిగి 2013లో ఒక పుస్తకమే అచ్చు వేశారు. వేషం వేస్తే మనిషిలో దాగి ఉన్న ఇంకో శక్తి బయటికొస్తుందని నమ్మే జనం మేము. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, ఈ కథల్నీ ఆచారాల్నీ చదువుగా చెప్పుకుంటున్నాం. ఈ జనానికి రూపం మారే మనిషి ప్రేమకథ అర్థం కాదని విజయవాడలోనో, హైదరాబాదులోనో కూర్చుని ఎలా తేల్చారు?

గంగమ్మ జాతరకూ మగవాళ్ల మధ్య ప్రేమకూ సంబంధం లేదని మీరు అనవచ్చు. నిజమే, అది మొక్కు, ఇది ప్రేమ. చీర కట్టిన భక్తుడు నాలాంటివాడని నేను అనడం లేదు. మీరు మా ప్రాంతపు జనానికి అంటగట్టిన ఇరుకుతనం అబద్ధమని మాత్రమే చెబుతున్నాను.

ఇక ‘ఇది పట్నాల మోజు’ అనే మాట. ఈ మాటను కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టులో పెళ్లి హక్కు కేసులో వినిపించింది. 2023 అక్టోబరు 17న వచ్చిన ఆ తీర్పు మాకు పెళ్లి హక్కు ఇవ్వలేదు, ఆ బాధ ఉంది. అయినా అదే తీర్పులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ పట్నం మాటను మాత్రం గట్టిగా తోసిపుచ్చారు. ఇది నగరాలకో, ధనవంతులకో పరిమితమైనది కాదని, పల్లెలో పొలం పని చేసే ఆడమనిషి కూడా ఇందులో ఉంటుందని రాశారు. ఇంకా దగ్గరికి రండి. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇద్దరు అమ్మాయిల కేసు వచ్చింది. ఒకరిని తండ్రి నర్సీపట్నంలో తన ఇంట్లో ఉంచేస్తే రెండో అమ్మాయి విజయవాడ నుంచి కోర్టుకెక్కింది. జస్టిస్ రఘునందన్ రావు, జస్టిస్ మహేశ్వరరావుల ధర్మాసనం ఆ అమ్మాయికి తన జోడును తాను ఎంచుకునే హక్కుందని చెప్పి, వాళ్ల మధ్యకు రావద్దని కన్నవాళ్లను ఆదేశించింది. నర్సీపట్నం పట్నమా? అక్కడి అమ్మాయికి ఈ మోజు ఏ వీధిలో అంటుకుంది?

కేసులవుతాయనే భయం మీలో కొందరికి ఉందని తెలుసు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు 377వ సెక్షన్‌ను పెద్దల పరస్పర ఇష్టానికి వర్తించకుండా చేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. మీ వారపత్రికలో వచ్చే మామూలు ప్రేమ సీరియల్‌లో ఉన్నదానికి మించిన శృంగారం నా నవలలో లేదు. భయపడటానికి ఏం మిగిలింది?

పిల్లలు చదువుతారన్నారు. చదవాలి. పద్నాలుగేళ్ల వయసులో తాను మిగతావాళ్లలా లేనని తెలిసిన పిల్లవాడికి తెలుగులో ఇప్పటిదాకా దొరికిందేమిటి? సినిమాలో కమెడియన్ పక్కన వంకరగా నడిచే మనిషి. మీ పత్రిక చివరి పేజీ జోకు. హాస్టల్లో పిలిచే పేర్లు. ఆ జోకులు వేసినప్పుడు పిల్లలు చదువుతారనే చింత మీకు ఎందుకు రాలేదు? మమ్మల్ని చూపించడానికి మీరు ఏనాడూ వెనకాడలేదు. గౌరవంగా చూపించమన్నప్పుడే ఆగిపోయారు. పక్కనే కన్నడంలో వసుధేంద్ర 2013లో ‘మోహనస్వామి’ కథలు తన పేరుతో, తన జీవితంతో అచ్చు వేశారు. సండూరు గనుల ప్రాంతం నుంచి వచ్చిన రచయిత ఆయన, మా చిత్తూరు సీమకు దూరపువాడేం కాదు. ఆ పుస్తకాన్ని కన్నడ పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. అది తెలుగులోకి కూడా వచ్చింది. కర్ణాటక సరిహద్దు మా కుప్పానికి కొద్ది మైళ్లే. ఆ కొద్ది మైళ్లు దాటేసరికి పాఠకుడి గుండె కుంచించుకుపోతుందా?

ఇక తోడేలు గురించి. మా కాపరులకు అది శత్రువు, అందులో సందేహం లేదు. ఒక్క రాత్రిలో ఒక కుటుంబం ఏడాది రాబడిని చీల్చేయగలదు. అయినా అది 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా రక్షణ పొందిన జంతువు. 2022లో శాస్త్రవేత్తలు అచ్చు వేసిన లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద ఎదిగిన తోడేళ్లు 3,100 పైచిలుకు. పులుల కంటే ఎక్కువేమీ లేవు. పులి పేరు మీద అడవులున్నాయి, తోడేలు పేరు మీద దాదాపు ఏమీ లేవు. ఎందుకంటే అది దట్టమైన అడవిలో ఉండదు. ముళ్ల పొదల్లో, గడ్డి మిట్టల్లో, రాతి గుట్టల మధ్య, మనిషి మేత భూముల అంచుల్లో బతుకుతుంది. ఆ భూములన్నీ రెవెన్యూ రికార్డుల్లో బంజరు. బంజరంటే అక్కడ ఎవరూ లేనట్టు లెక్క. కంచె వేస్తారు, ప్లాట్లు వేస్తారు, సోలారు పలకలు పరుస్తారు, అక్కడ బతుకుతున్నవాటిని ఎవరూ అడగరు. నా కథలో మనిషి సింహం కాకుండా, పులి కాకుండా తోడేలు కావడానికి కారణం ఇదే. ఊరి అంచునే ఉంటూ ఊరి లెక్కలో లేకపోవడం మాకు బాగా తెలుసు. జనాభా లెక్కల ఫారంలో మా జంటలకు గడి లేదు. మీ కథల పోటీలో మా ప్రేమకు చోటు లేదు.

మగవాళ్ల మధ్య ఇలాంటి తోడేలు ప్రేమ నవలలు ఇంగ్లీషులో ఇప్పుడు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి. టి.జె. క్లూన్ ‘ఉల్ఫ్‌సాంగ్’ 2016లో చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చి, 2023లో టోర్ అనే పెద్ద సంస్థ చేతుల మీదుగా మళ్లీ వచ్చింది. ఒరెగాన్‌లో ఒక చిన్న ఊరు, గ్యారేజీలో పని చేసే పేద కుర్రాడు, తోడేళ్ల కుటుంబం అందులో ఉంటాయి. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. పన్నెండో శతాబ్దంలో మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి ‘బిస్‌క్లావ్రే’ అనే కథ రాసింది. భార్య తన బట్టలు మాయం చేయించడంతో తోడేలుగానే ఉండిపోయిన ఒక వీరుడు అడవిలో రాజు పాదం ముద్దు పెట్టుకుంటాడు, రాజు అతణ్ణి కోటకు తీసుకెళ్లి తన వాళ్ల మధ్యే పడుకోనిస్తాడు. చివర మనిషిగా మారి రాజు పరుపు మీద నిద్రపోతుంటే రాజు పరుగున వెళ్లి కౌగిలించుకుంటాడు. ఆ కౌగిలి గురించి పండితులు ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఈ జాతి నవలల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి, అవి మీ ముందు దాచను. ‘విధి రాసిన జోడు’ అనే పేరుతో ఇష్టం లేనివాణ్ణి లొంగదీసుకోవడం చాలావాటిలో ప్రేమగా చెలామణీ అవుతోంది. వయసు తేడాలను పట్టించుకోని రచయితలు ఉన్నారు. గుంపుకు ‘ఆల్ఫా’ ఒకడుంటాడు, అందరూ అతడికి తల వంచాలి అనే ఊహ ఇంకొకటి. అది 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో పెట్టిన తోడేళ్లను చూసి రాసిన దాని నుంచి పుట్టింది. 1970లో తన పుస్తకంతో దానికి ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, 1999లో అడవి తోడేళ్ల మీద రాసిన వ్యాసంలో దాన్ని సరిదిద్దారు. అడవిలో గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలు, అంతే. మా కాపరులను అడిగినా ఆ మాటే చెబుతారు, ఇక్కడ అవి రెండేసిగా, మూడు నాలుగేసిగానే కనిపిస్తాయని. ఇలాంటివి పట్టుకోవడానికే సంపాదకుడు కావాలి. ‘ఇక్కడ కాపరి ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు రాశావు, సరిచెయ్యి’ అని మీరు రాసి ఉంటే నేను చేతులు జోడించి ఉండేవాణ్ణి. ‘టమోటా మార్కెట్లో వేలం అయ్యాక హమాలీకి అంత తీరిక ఉండదు’ అని ఉంటే ఆ అధ్యాయం మొత్తం తిరగరాసేవాణ్ణి. మీరు ఆ పని వదిలేసి పాత్ర ఆడా మగా అన్నది సరిదిద్దడానికి కూర్చున్నారు.

ఇందులో నా ఒక్కడి నష్టం కంటే పెద్ద నష్టం ఉంది. మీరు అచ్చు వేయనిది తెలుగులో లేనట్టే. శాఖా గ్రంథాలయం ఏ పుస్తకం కొనాలన్నా ముందు ఎవరో ఒకరు దాన్ని ప్రచురించాలి. ఈ రాష్ట్రంలో ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాడు. మా అమ్మ కడుతోంది. పుంగనూరులో, వాయల్పాడులో, కుప్పంలో నాలాంటి బిడ్డలున్న ఇళ్లవాళ్లు కడుతున్నారు. ఆ పైసలతో కొన్న అలమారల్లో వాళ్ల బిడ్డ గురించిన ఒక్క గౌరవమైన వాక్యం లేకపోతే ఆ లోటుకు జవాబుదారు ఎవరు? ఇంగ్లీషు బాగా వచ్చినవాడు సెల్‌ఫోన్లో ఏదో ఒకటి వెతుక్కుంటాడు. తెలుగు మాత్రమే వచ్చినవాడికి, అంటే నా కథలో హమాలీ లాంటివాడికి, మీరు తప్ప దిక్కు లేదు. అతడికి తన భాషలో తన ప్రేమను దక్కకుండా చేయడం తెలుగుకు సేవా?

మీ నుంచి నేను అడుగుతున్నవి ఇవి. పోటీ ప్రకటించేటప్పుడు, ప్రేమకథ అంటే ఏ ఇద్దరు వయోజనుల మధ్య ప్రేమ అయినా అని నిబంధనల్లోనే అచ్చు వేయండి. తిరస్కరిస్తే రచనలోని లోపాన్నే కారణంగా చూపండి. ‘మన పాఠకులు’ అనే మాట వెనక దాక్కోకండి. ఒక్క సంచికలో అయినా ఇలాంటి కథ వేసి, పాఠకుల ఉత్తరాలు మెచ్చుకున్నవీ తిట్టినవీ రెండూ కత్తిరించకుండా వేయండి. తిట్లు వస్తాయి, నాకు తెలుసు. పద్దెనిమిది నిండిన ఇద్దరు మనుషుల ప్రేమ మీద వచ్చిన తిట్లను భరించే ఓపిక ఒక పత్రికకు ఉండాలి. ఇంతకంటే పెద్ద విషయాల మీద ఇంతకంటే పెద్ద తిట్లను తిని నిలబడ్డ పత్రికలు తెలుగులో ఉన్నాయి.

ఒకవేళ ఇవేవీ చెయ్యలేమంటే, ఆ మాటైనా బాహాటంగా చెప్పండి. మీ పత్రికలో మగవాణ్ణి ప్రేమించే మగవాడికీ, ఆడదాన్ని ప్రేమించే ఆడదానికీ చోటు లేదని సంపాదకీయంలో మీ పేరుతో రాయండి. చందా కట్టే ముందు మేము, మా అమ్మలు, మా అక్కచెల్లెళ్లు అది చదువుకుని నిర్ణయించుకుంటాం. మీ జవాబు ఉత్తరంలో వద్దు, మీ పత్రికలోనే ఇవ్వండి.

ఇట్లు,
గుర్రంకొండ నుంచి ఒక నవలా రచయిత